బుడాపెస్ట్ వీకెండ్ రివ్యూ: ఊరంతా ఒకెత్తు, ఆ బుల్లి పసుపు రైలు ఒకెత్తు

నమస్తే అండీ అందరికీ. ముందే చెప్పేస్తున్నా, ఇది సగం ఫ్రీగా వచ్చిన ట్రిప్పు. రెండు రాత్రులు హోటల్, ఇద్దరికీ 72 గంటల బుడాపెస్ట్ కార్డులు (ఊళ్లో మెట్రో, ట్రాము, బస్సుల్లో తిరిగే పాసు అనుకోండి) ఒక ట్రావెల్ కంపెనీ ఇచ్చింది. రైలు టికెట్లు, తిండి, తిట్లు మావే. వీడియో ముందుగా చూపించమని వాళ్లు అడగలేదు, నేనూ చూపించలేదు.

పార్లమెంటు, చెయిన్ బ్రిడ్జి, కొండ మీద ఫిషర్‌మెన్స్ బాస్టియన్... ఇవన్నీ డ్రోన్ షాట్లలో మీరు చూసేసే ఉంటారు. అవి బాగుంటాయి, అంతే, ముందుకెళ్దాం.

నేను మ్యూనిక్‌లో రైలెక్కాను. నాలుగు గంటల తర్వాత వియన్నాలో మావాడు అదే రైలెక్కాడు. ఇంజనీరింగ్ నుంచి స్నేహం మాది. ఆరడుగుల మనిషి, ఆ ఎత్తు సంగతి గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది. చేతిలో వాళ్లావిడ కట్టిచ్చిన పులిహోర డబ్బా. హంగరీ బోర్డర్ వచ్చేసరికి డబ్బా ఖాళీ.

ఇక అసలు విషయం. ఈ ఊళ్లో నేను ప్రేమలో పడింది మెట్రో లైన్ నంబర్ 1తో. నవ్వకండి.

ఇది 1896లో మొదలైంది. యూరప్ ప్రధాన భూభాగంలో మొట్టమొదటి భూగర్భ మెట్రో ఇదే. అంతకుముందు లండన్‌లో ఉంది కానీ అది మొదలైంది పొగ బండితో, ఇది మొదటి రోజు నుంచీ కరెంటుతోనే నడిచింది. ఆండ్రాషీ అని ఒక అందమైన రోడ్డు ఉంది. దాని మీద ట్రాము పట్టాలు వేస్తే అందం పోతుందని, కిందనుంచి వేశారు. రోడ్డుని కాలవలా తవ్వి, పట్టాలు పరిచి, పైన కప్పేశారు. అందుకే లోతు చాలా తక్కువ. హైదరాబాద్ మెట్రోకి అలవాటు పడ్డవాళ్లం కదా, స్టేషన్ అంటే ఎస్కలేటర్ మీద మూడంతస్తులు ఎక్కడమే. ఇక్కడ ఫుట్‌పాత్ పక్కన చిన్న రెయిలింగు, నాలుగడుగులు వేసి మెట్లు దిగితే ప్లాట్‌ఫాం మీద ఉంటాం. పైన వెళ్లే కారు చప్పుడు కింద వినిపిస్తుంది.

లోపల తెల్ల పలకల గోడలు, వాటి మీద పెద్దక్షరాలతో స్టేషన్ పేరు, ఇనుప స్తంభాలు. రైలు వచ్చింది. చిన్న పసుపు పెట్టెలు, ఊరేగింపులో పిల్లల బండిలా. మావాడు లోపలికి ఎక్కి నిటారుగా నిలబడ్డాడు, వాడి జుట్టుకీ కప్పుకీ మధ్య జానెడు కూడా లేదు. "ఇది మెట్రోనా, మా చిన్నోడి బొమ్మ రైలా?" అన్నాడు. తలుపులు టప్‌మని మూసుకున్నాయి. మరీ టప్‌మని, చెయ్యి జాగ్రత్త.

ఇంత పొగిడాక ఒక తిట్టు. ఈ లైన్‌లో చాలా స్టేషన్లకి రెండు వైపులా వేరువేరు మెట్లు. ఇటు దిగితే ఇటువైపు రైలు, అటు దిగితే అటువైపు రైలు. కింద ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి ఉండదు. ఒపెరా స్టేషన్ దగ్గర మేం మెట్లు దిగాం. పట్టాల అవతల మాకు కావలసిన ప్లాట్‌ఫాం కనిపిస్తూనే ఉంది, పది అడుగుల దూరం. వెళ్లాలంటే మళ్లీ పైకెక్కి, సిగ్నల్ పడేదాకా ఆగి, రోడ్డు దాటి, అవతలి మెట్లు దిగాలి. ఈలోగా మా రైలు వెళ్లిపోయింది. రెండు రోజుల్లో ఈ పొరపాటు మూడుసార్లు చేశాం. మెట్ల పైనే రైలు ఏ వైపు వెళ్తుందో బోర్డు ఉంటుంది. చదివితే కదా! స్నేహితుడితో మాట్లాడుతూ వెళ్లేవాడు బోర్డు చదవడు.

గేట్లు లేవు. మెట్ల దగ్గర చేతికి పట్టీ కట్టుకున్న ఇన్‌స్పెక్టర్లు నిలబడి అడుగుతారు. కార్డు చూపిస్తే సరి. మామూలు టికెట్ కొన్నవాళ్లు మాత్రం మిషన్‌లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే ఫైన్ తప్పదు.

ఇప్పుడు నాకు నిజంగా కాలిన విషయం. హంగరీకి షెంగెన్ వీసా చాలు కానీ, అక్కడ యూరో కాదు, ఫోరింట్. మావాడు నోట్లు చేతిలో ఉండాలంటాడు, పాత అలవాటు. రోడ్డు పక్కన ఏటీఎం. నలభై వేల ఫోరింట్ కొట్టాడు, మన లెక్కలో వంద యూరోలు అనుకోండి. అప్పుడు స్క్రీన్ మీద ఒక ప్రశ్న: మా రేటుకి మార్చి తీసుకుంటారా, మార్చకుండా తీసుకుంటారా? మార్చే బటన్ పెద్దగా, పచ్చగా. మార్చొద్దనేది మూలన, లేత రంగులో. వాడు పచ్చది నొక్కాడు. పన్నెండు యూరోలు గాలికి! రెండో రోజు చూస్తే మార్కెట్‌లో, కాఫీ కొట్లో, ఆఖరికి రోడ్డు పక్క లాంగోష్ బండి దగ్గర కూడా కార్డు తీసుకుంటున్నారు. ఆ నోట్లు చివరికి టాయిలెట్ల దగ్గర చిల్లరగా మారాయి. మీరు వెళ్తే, అడిగిన ప్రతిసారీ "మార్చొద్దు" నొక్కండి. ఇది ఏటీఎంలోనే కాదు, కొట్లో కార్డు మిషన్ అడిగినా అంతే.

హోటల్? ఇచ్చినవాళ్లు బాధపడతారేమో కానీ, కిటికీ ఒక గోడ వైపు తెరుచుకుంది. పడుకోవడానికి సరిపోయింది.

లాంగోష్ అన్నాను కదా. భటూరాని పళ్లెమంత చేసి, పైన వెల్లుల్లి రాసి, పుల్లటి క్రీము, తురిమిన చీజు. జనవరి చలిలో స్వర్గం, గంట తర్వాత కడుపులో రాయి. 1897 నాటి పెద్ద మార్కెట్ హాల్‌లో మిరపకాయల దండలు వేలాడుతుంటే, గుంటూరువాణ్ని కదా, గుండె కొట్టుకుంది. కొన్నాను. ఇంటికొచ్చి పప్పులో వేస్తే రంగు వచ్చింది, కారం రాలేదు. ప్యాకెట్ మీద ఎడెష్ అంటే తియ్యనిది, చిపోష్ అంటే కారంది. చూసి కొనండి.

ఆదివారం పొద్దున మళ్లీ మన పసుపు రైలెక్కి సేచెనీ స్నానాల స్టేషన్‌లో దిగాం. ఈ టికెట్ మేమే కొనుక్కున్నాం. 1913లో కట్టిన పసుపు రాజభవనం లాంటిది, మధ్యలో ఆకాశం కింద వేడినీళ్ల కొలనులు. వెయ్యి మీటర్లకు పైగా లోతు నుంచి 70 డిగ్రీలు దాటిన వేడితో వచ్చే నీళ్లు, చల్లార్చి వదులుతారు. గదిలోంచి కొలను దాకా నిక్కరుతో, చెప్పులు టపటపలాడిస్తూ ఆ చలిలో పరిగెత్తడం ఉంది చూశారూ, ఇద్దరం పొట్ట లోపలికి లాక్కుని పరిగెత్తాం. నీళ్లలో దిగాక ఎవరికి ఎవరి పొట్టా కనపడదు, అంతా ఆవిరే. పక్కన నడుం లోతు నీళ్లలో ఇద్దరు పెద్దాయనలు చదరంగం ఆడుతున్నారు. మావాడు గంటసేపు చూశాడు, ఒక్క మాట మాట్లాడలేదు. పదిహేనేళ్లలో వాణ్ని అంత మౌనంగా చూడలేదు.

నది ఒడ్డున ఇనుప బూట్ల దగ్గర, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ కాల్చి నదిలో పడేసిన యూదుల స్మారకం దగ్గర, కెమెరా ఆపేశాను. 2 నంబర్ ట్రాము దిగి పార్లమెంటు వైపు నడిస్తే వస్తుంది, మీరే వెళ్లి చూడండి.

ప్రాగ్, వియన్నా వీకెండ్ వీడియోలు చేశాను, గుర్తుందా? ప్రాగ్‌లో జనం తోసేశారు, వియన్నాలో బిల్లు తోసేసింది. ఈ మూడింట్లో మళ్లీ వెళ్లమంటే నేను బుడాపెస్టే. పదికి తొమ్మిది. ఆ ఒక్క మార్కూ ఏటీఎం మింగింది. బుడాపెస్ట్ కార్డు డబ్బు పెట్టి కొనాలా అంటే, రెండు రోజులు రైళ్లలోనే తిరిగే నాలాంటివాడికి ఓకే. నడిచేవాళ్లకి అక్కర్లేదు.

చివరి రోజు రైలుకి టైమవుతోంది. "ఈసారి నేను చూపిస్తా దారి" అని మావాడు ముందు దిగాడు. నేను పైనే బోర్డు చదివి, ఏమీ అనకుండా కెమెరా ఆన్ చేశాను. కింద పట్టాల ఇవతల నిలబడి వాడు పైకి చూసిన చూపు ఇదిగో, స్క్రీన్ మీద.