అమ్మ ఉన్న పిల్లను అనాథ అని రాయకండి

అందరికీ నమస్కారం, వందనాలు. ఈ రోజు పాలకొల్లు దగ్గర మా ఊరి నుంచే మాట్లాడుతున్నాను. నా వెనకాల కనిపిస్తున్నది మా చర్చి సంఘం మందిరం. సాయంత్రం ఆరు దాటింది. లోపల చాపల మీద పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. ఆ గోల మీకు కొంచెం వినిపిస్తుంది, వినిపించనివ్వండి.

పోయిన వారం ఒకాయన నన్ను సూటిగా అడిగారు. "చర్చిలు పేద పిల్లల్ని పైకి తెస్తాయని చెప్తారు కదా. నిజంగా ఎవరైనా పైకి వచ్చారా, లేక ఫొటోలేనా?" అని. అడగాల్సిన ప్రశ్నే. నా జవాబు ఏంటంటే, వచ్చారు. మా ఇంట్లోనే వచ్చారు. కానీ ఫొటోల కోసం నడిచినవీ ఉన్నాయి. రెండూ చెప్తాను.

మన గోదావరి డెల్టాకి ఈ కథ పాతది. 1836లో ఇంగ్లండ్ నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు మిషనరీలు భార్యలతో సహా ఓడ దిగారు. పెద్ద చదువులవాళ్లు కాదు, చేతిపని చేసుకుని బతికినవాళ్లు. నరసాపురం, పాలకొల్లు వైపు స్థిరపడ్డారు. రాజమండ్రిలో లూథరన్ మిషన్ వాళ్లు, కాకినాడలో కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్లు పని చేశారు. కాకినాడ గురించి ఒక మాట చెప్పాలి. 1874లో అక్కడికి మెక్లారిన్ దొర రాకముందే ఆ పని మొదలుపెట్టింది థామస్ గాబ్రియేల్ అనే మన తెలుగాయన. ఆ పేరు మన పిల్లలకు తెలియాలి.

అప్పట్లో దళిత పేటల పిల్లల్ని ఊరి బడి అరుగు కూడా ఎక్కనిచ్చేవాళ్లు కాదు. మిషన్ వాళ్లు పేటలోనే పలక పట్టించారు. నరసాపురం ఆడవాళ్ల చేతికి లేసు అల్లే సూది ఇచ్చిందీ వాళ్లే. ఆ లేసు మీద తర్వాత లాభం ఎక్కువగా వ్యాపారులకే పోయింది, అల్లిన చేతులకు మిగిలింది తక్కువ. అయినా ఆ నాలుగు డబ్బులతో పిల్లల పుస్తకాలు కొన్న తల్లులు ఈ జిల్లాలో ఎంతమందో.

మా పెద్దమ్మ సంగతి చెప్తాను. తాతయ్య పాలేరు. మా ఊళ్లో ఐదో తరగతి వరకే ఉండేది. మిషన్ బోర్డింగ్‌లో చేరి పది పాసయింది, తర్వాత మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ నేర్చుకుంది. మొదటి జీతంతో తాతయ్య అప్పు తీర్చింది. తర్వాత ఇద్దరు తమ్ముళ్లను, మా అమ్మను చదివించింది. ఒక్క జీతం మీద నాలుగు కుటుంబాలు లేచి నిలబడ్డాయి. మా వైపు ఏ పేటకైనా వెళ్లి అడగండి, నర్సమ్మ వల్లో, టీచరమ్మ వల్లో గట్టెక్కిన ఇల్లు ఒకటైనా చూపిస్తారు.

ఇది మా ఇంటి ముచ్చట. లెక్కలు కావాలంటే అవీ ఉన్నాయి. బ్రూస్ వైడిక్ అనే అమెరికా ఆర్థికవేత్త, ఆయన తోటివాళ్లు కలిసి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. కంపాషన్ అనే క్రైస్తవ సంస్థ స్పాన్సర్ చేసిన పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారని ఆరు దేశాల్లో చూశారు, అందులో మన దేశం ఉంది. సాయం అందని అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములతో కూడా పోల్చారు. సాయం అందినవాళ్లు సుమారు ఒక ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఎక్కువ చదివారు. నూటికి 44, 45 మంది సెకండరీ చదువు పూర్తి చేసే చోట ఇంకో 12 నుంచి 18 మంది పూర్తి చేశారు. నాకు ముఖ్యంగా తోచింది ఏంటంటే, ఆ పిల్లలు సొంత ఇంట్లోనే ఉన్నారు. అమ్మ దగ్గర పడుకుని, ఊరి బడికి వెళ్లి, మిగతా వేళల్లో తమ ఊరి చర్చికి వచ్చి చదువుకున్నారు.

ఆ సంస్థ 2017 మార్చిలో మన దేశంలో పని ఆపేయాల్సి వచ్చింది. విదేశీ విరాళాల అనుమతి దగ్గర ఆగిపోయింది. అప్పటికి దాదాపు 1,45,000 మంది పిల్లలు వాళ్ల దగ్గర ఉన్నారు. 2020లో ఆ విరాళాల చట్టం ఇంకా బిగిసింది, ఒక సంస్థ తనకొచ్చిన డబ్బు ఇంకో సంస్థకి ఇవ్వడానికి లేదు. మరి బయటి నుంచి డబ్బు ఆగిన రోజు ఆ పిల్లవాడి పక్కన ఎవరున్నారు? సంఘం ఉంది కదా. వాళ్ల అమ్మ పక్కన కూర్చుని పాట పాడే మనమే ఉన్నాం.

ఇప్పుడు నన్ను బాధపెట్టిన సంగతి. మా ఊళ్లో ఒక పాప. తండ్రి తాగి వదిలేశాడు, తల్లి ఇంటిపనికి కువైట్ వెళ్లింది. కోనసీమలో, మన పశ్చిమ గోదావరిలో ఇలాంటి ఇళ్లు ఎన్నో మీకు తెలుసు. పాపను అమ్మమ్మ పెంచుతోంది. ఒకాయన వచ్చి "మా హాస్టల్లో వేయండి, అన్నీ ఫ్రీ" అన్నాడు. పంపారు. క్రిస్మస్‌కి ఆ హాస్టల్ క్యాలెండర్ వచ్చింది. పాప ఫొటో కింద "తల్లిదండ్రులు లేని చిన్నారి" అని రాసి ఉంది. అమ్మమ్మకు చదువు రాదు, నన్నే చదవమంది. చదవడానికి నాకు నోరు రాలేదు. అక్కడ అమ్మ ఎండలో, ఏసీ లేని గదిలో కష్టపడి నెల నెలా డబ్బు పంపుతుంటే, ఇక్కడ ఆమెను చంపేశారు.

పిల్లల్ని ఉంచుకునే ప్రతి హోమ్ రిజిస్టర్ చేసుకోవాలని, హోమ్‌లో పెట్టడం చిట్టచివరి మార్గంగానే ఉండాలని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చెప్తోంది. పెద్దమ్మ కాలంలో బోర్డింగ్ ఎందుకంటే దగ్గర్లో హైస్కూల్ లేదు. ఇప్పుడు ఉంది. ఇంట్లో చూసే మనిషి ఉన్నప్పుడు, అమ్మమ్మకు చేయూత ఇస్తే సరిపోయేదానికి, పాపను ఎత్తుకుపోవడం దేనికి?

పాపను మేం వెనక్కి తెచ్చుకున్నాం. ఇప్పుడు ఎనిమిదో తరగతి. లోపల ఎక్కాలు చెప్పిస్తున్న గొంతు తనదే.

మా పద్ధతి పాతదే. పిడికెడు బియ్యం. మా అమ్మమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసేది. స్త్రీల సమాజం వాళ్లు దాన్ని మళ్లీ మొదలుపెట్టారు. ఆదివారం ఆ బియ్యం అమ్మిన డబ్బు, కానుకలో ఒక వంతు పిల్లల ఫీజులకు పోతాయి. మందిరానికి టైల్స్ వేయడం ఒక ఏడాది ఆపాం. కొందరు పెద్దలకు నచ్చలేదు, కానీ పాస్టర్ గారు గట్టిగా నిలబడ్డారు. ట్యూషన్‌కి హిందువుల పిల్లలూ వస్తారు. ఎవరినీ ప్రార్థనకు కూర్చోమని అడగం. అన్నం పెట్టి మతం అడిగితే అది సాయం కాదు, బేరం.

అసలు టెన్షన్ పది పాసయ్యాకే. మగపిల్లలు రొయ్యల చెరువుల మీదికి, షెడ్లకి వెళ్లిపోతారు. ఆడపిల్లలకు సంబంధాలు చూస్తారు. అప్పుడు ఆ ఇంటికి వెళ్లి కూర్చునే మనిషి కావాలి. కాలేజీ ఏదో, బస్ పాస్ ఎలాగో, ఆదాయం సర్టిఫికెట్ ఎక్కడో తెలిసిన మనిషి. కుల సర్టిఫికెట్ గొడవ ఒకటుంది. దళిత కుటుంబం క్రైస్తవమని రాయించుకుంటే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ కాదు, మన రాష్ట్రంలో బీసీ-సి, అంటే వెనకబడిన తరగతుల్లో సి గ్రూపు, 1 శాతం రిజర్వేషన్. అది వేరే వీడియోలో వివరంగా మాట్లాడతాను.

ప్రస్తుతం మాకు తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెప్పేవాళ్లు లేరు. పాలకొల్లు చుట్టుపక్కల రిటైరైన మాస్టారు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, వారానికి రెండు సాయంత్రాలు రండి చాలు. ఏ సంఘమైనా, అసలు ఏ మతమైనా సరే. టీ పెడతాం, బండి పెట్రోలు మాది. కింద కామెంట్‌లో ఊరి పేరు రాయండి, నేనే వచ్చి కలుస్తాను.