డ్రాగన్ రెక్క నిలవడం లేదు, ఏం చేయాలి?

యాంకర్: వార్‌గేమ్ బొమ్మలు, అంటే బల్ల మీద ఆడే యుద్ధం ఆటల చిన్న బొమ్మలు అతికించడం, రంగులు వేయడం గురించి మాట్లాడుకుంటున్నాం. మొదటి కాలర్ లైన్‌లో ఉన్నారు, చెప్పండి.

కాలర్: నమస్తే మేడమ్. డ్రాగన్ మీద యోధుడు కూర్చున్న బొమ్మ తీసుకున్నాను, రెజిన్‌ది, అంటే అచ్చులో పోస్తే గట్టిపడే పదార్థంతో చేసింది. ఎడమ రెక్క ఎన్నిసార్లు అతికించినా తెల్లారేసరికి ఊడిపడి ఉంటోంది. ప్లాస్టిక్ సిమెంట్ అనే జిగురు, మంచిదే వాడాను.

నిపుణురాలు: మంచిదే అయినా రెజిన్‌కి అది పనిచేయదు బాబూ. ఆ సిమెంట్ పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను పైపైన కరిగిస్తుంది, కరిగిన రెండు అంచులూ ఒకదాంట్లో ఒకటి కలిసి గట్టిపడతాయి. రెజిన్ దానికి కరగదు కాబట్టి సూపర్ గ్లూ వాడాలి. ముక్కలు కడిగావా?

కాలర్: కడగాలా అండీ?

నిపుణురాలు: తప్పకుండా. అచ్చులోంచి ముక్క తేలిగ్గా రావడానికి పూసిన జిడ్డు దాని మీదే మిగిలిపోతుంది, కంటికి కనబడదు కానీ జిగురునీ రంగునీ రెండింటినీ నిలవనివ్వదు. గోరువెచ్చటి సబ్బు నీళ్ళలో పాత టూత్‌బ్రష్‌తో తోమి, పూర్తిగా ఆరబెట్టు. మరీ వేడి నీళ్ళయితే కత్తుల్లాంటి సన్నటి ముక్కలు వంగిపోతాయి.

కాలర్: కడిగి సూపర్ గ్లూ పెడితే చాలా?

నిపుణురాలు: చిన్న చేతికైతే చాలు. అంత బరువైన రెక్కకి చాలదు, లోపల తీగ పెట్టాలి. చేత్తో తిప్పే చిన్న డ్రిల్, 1 మి.మీ. బిట్, పేపర్ క్లిప్ తీగ ఉంటే సరిపోతుంది. రెండు వైపులా రంధ్రాలు ఎదురెదురుగా రావడమే కష్టం, దానికో మంచి ఉపాయం ఉంది. ముందు రెక్క వైపు రంధ్రం చేసి, దాని అంచుకి చిన్న రంగు చుక్క పెట్టి, తడి ఆరకముందే ఒంటికి ఆనించు, గుర్తు పడిన చోటే రెండో రంధ్రం. మిగిలిన సందుని రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీ పుట్టీతో పూడ్చు. ఇంకోమాట, రెజిన్‌ని పొడిగా అరగదీయొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిపి గీకు, మాస్క్ పెట్టుకో.

కాలర్: యోధుణ్ణి జీను మీద అతికించేశాను, డాలు వెనక్కి బ్రష్ వెళ్ళడం లేదు.

నిపుణురాలు: పీకొద్దు, విరుగుతుంది. బ్రష్ వెళ్ళని చోటు కళ్ళకీ పెద్దగా కనబడదు, ముదురు రంగు పలచగా చేసి లోపలికి పారించు. ఈసారి మాత్రం యోధుణ్ణి విడిగా ఉంచి, రంగు వేశాకే కూర్చోబెట్టు. అతుకు పడే చోట రంగు అంటకుండా, పోస్టర్లు అంటించే మెత్తటి ముద్ద పెడితే సరి.

యాంకర్: రెండో కాలర్, చెప్పండమ్మా.

కాలర్: మేడమ్, నా డ్రాగన్ ప్లాస్టిక్‌దే. రంగు పట్టడానికి ముందు వేసే ప్రైమర్ పూత స్ప్రే చేస్తే ఒళ్ళంతా ఇసుక చల్లినట్టు గరుగ్గా వచ్చింది, ఏడుపొచ్చేసింది.

నిపుణురాలు: అయ్యో, ఎంత కష్టపడి అతికించుకున్నావో నాకు తెలుసమ్మా. డబ్బా దూరంగా పట్టుకున్నా, ఎండ మండిపోతున్నా తుంపర గాల్లోనే ఆరిపోయి పొడిలా పడుతుంది. 20 నుంచి 30 సెం.మీ. దూరంలో, ఆపి ఆపి, పలచగా కొట్టాలి. గాలిలో తేమ ఎక్కువున్న రోజు కూడా వద్దు. ఇప్పుడైతే పొడి టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దు, గరుకు చాలావరకు రాలిపోతుంది.

కాలర్: ఇక పొలుసులు. రంగు వేస్తే పూడుకుపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

నిపుణురాలు: రంగులో నీళ్ళు కలిపి పాలలా పలచన చేసి రెండు పూతలు వెయ్, ఒకే మందపు పూత వేస్తేనే పొలుసులు పూడేది. ఆరాక ముదురు వాష్, అంటే బాగా పలచటి రంగు, వేస్తే సందుల్లోకి దిగుతుంది, గుంటల్లో నిలిచిపోతే శుభ్రమైన తడి బ్రష్‌తో పీల్చెయ్. రెక్కల పొర మీద మాత్రం వాష్ మొత్తం పులమొద్దు, ఆరిన చోట మరకలు కడతాయి, ఎముకల పక్కనే వెయ్. తర్వాత లేత రంగు బ్రష్‌కి అద్ది, గుడ్డకి తుడిచి తుడిచి, ఇక రంగే లేదనిపించాక పొలుసుల మీద తేలిగ్గా ఆడించు. అంచులు ఒక్కొక్కటే పైకి తేలుతుంటే చూడాలమ్మా, ఈ పని మొత్తంలో నాకు అదే అన్నిటికన్నా ఇష్టం.

కాలర్: పాడైతే?

నిపుణురాలు: తోక కింది భాగం మీద ముందు చెయ్. చెయ్యి కుదిరాక వీపు మీదికి రా.