చిప్పు పేరు చివర ‘ఎఫ్’ ఉందా, చూసి కొనండి

యాంకర్: తణుకు నుంచి లైన్‌లో ఉన్నారు. నమస్కారమండీ, చెప్పండి.

కాలర్: నమస్కారమండీ. పెళ్ళి వీడియోలు చేస్తామండి. ఈమధ్య అందరూ 4కె కావాలంటున్నారు. ఉన్న సిస్టమ్‌లో రెండు కెమెరాల ఫుటేజీ ప్రీమియర్‌లో, అదే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే తలంబ్రాల సీను ఆగి ఆగి వస్తోంది. కొత్తదానికి కొటేషన్ తీసుకున్నాను సార్. ఇంటెల్ ఐ7 14700ఎఫ్ చిప్పు, 16 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ.

నిపుణుడు: ముందు ఇది చెప్పండి, కెమెరాలో ఏ సెట్టింగ్ పెడుతున్నారు?

కాలర్: సోనీ అండి. ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్, 50 ఫ్రేములు, 200ఎం, 4:2:2 10 బిట్.

నిపుణుడు: చిక్కంతా అక్కడే ఉంది. అది హెచ్.265. గట్టిగా కుదించిన ఫైలు, ప్లే చేసినప్పుడల్లా విప్పాలి. 4:2:2 అంటే 4:2:0 కన్నా రంగుల వివరం ఎక్కువ దాచే పద్ధతి. 4060 కార్డు 4:2:0 అయితే చకచకా విప్పుతుంది, 4:2:2 ముట్టుకోదు. ఇంటెల్ చిప్పు లోపలి గ్రాఫిక్స్ విప్పుతుంది, దాన్నే క్విక్ సింక్ అంటారు. మీ కొటేషన్‌లో చివర ఎఫ్ ఉంది కదా, ఎఫ్ అంటే ఆ గ్రాఫిక్స్ లేని చిప్పు.

కాలర్: అయ్యో! గేమ్స్ ఆడేవాళ్ళందరూ అదే తీసుకుంటారని షాపాయన అన్నాడండి.

నిపుణుడు: వాళ్ళకి అది చాలు. మీరు ఉత్త 14700 అడగండి. కార్డు పెట్టాక కూడా బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, లోపలి గ్రాఫిక్స్ ఆన్‌లోనే ఉంచమనండి, చాలా షాపుల్లో ఇది పట్టించుకోరు. ఆ బయోస్ కూడా కొత్తదే వేయించుకోండి. 13, 14 తరాల చిప్పుల్లో వోల్టేజీ ఇబ్బంది బయటపడి, 2024లో ఇంటెల్ దానికి సవరణ ఇచ్చింది.

యాంకర్: కార్డే మార్చుకుంటే?

నిపుణుడు: 5060 అయితే 4:2:2 తనే విప్పుతుంది. హెచ్.264లో తీసిన 4:2:2 కూడా. అది ఈ ఇంటెల్ చిప్పు వల్ల కాదు. బడ్జెట్ ఉంటే నా ఓటు దానికే. ర్యామ్ మాత్రం 32, రెండు పదహార్లు.

కాలర్: 1 టీబీ సరిపోతుందా సార్?

నిపుణుడు: మీ 200ఎం అంటే సెకనుకి 200 మెగాబిట్లు, గంటకి 90 జీబీ. రెండు కెమెరాలు, ఐదేసి గంటలు... 900 అయిపోయింది. ఒక్క పెళ్ళికే నిండిపోతుంది! విండోస్‌కి 500 జీబీది విడిగా పెట్టి, ఎడిటింగ్‌కి 2 టీబీ ఎన్‌వీఎంఈ, అంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ, తీసుకోండి. ఆల్బమ్ ఇచ్చేశాక ఫుటేజీ మామూలు హార్డ్ డిస్కులోకి మార్చేయండి.

కాలర్: యూపీఎస్ పాతదుందండి, 600 వీఏ.

నిపుణుడు: దానికి మహా అయితే 360 వాట్లు. రెండరింగ్ మధ్యలో కరెంటు పోతే ఈ సిస్టమ్‌ని మోయలేకపోవచ్చు. కనీసం 1 కేవీఏ పెట్టండి.

కాలర్: అలాగేనండి. షాపాయనతో మాట్లాడతాను.

యాంకర్: థాంక్యూ అండీ. నల్గొండ నుంచి ఇంకో కాల్... హలో, టీవీ సౌండ్ కాస్త తగ్గిస్తారా?