కాంతారావు గారి పద్మశ్రీని మింగింది ఆ ‘కత్తే’!

నమస్కారం. సినీ నటుడు కాంతారావు గారికి పద్మశ్రీ ఎందుకు ఇవ్వలేదన్న గొడవ మళ్ళీ రాజుకుంది. కోదాడ దగ్గరి గుడిబండ మనిషి కాబట్టే పక్కన పెట్టారని మన ఉమ్మడి నల్లగొండ వాళ్ళు అంటున్నారు. జానపద చిత్రాల కథానాయకుడికి ఢిల్లీలో విలువ ఉండదని మరికొందరు అంటున్నారు. నందమూరికీ, అక్కినేనికీ 1968లోనే వచ్చిన పద్మశ్రీ, 2009 మార్చి 22న కన్నుమూసే దాకా ఈయన గడప తొక్కలేదు. దానికి అడ్డుపడింది ఎవరో కాదు, మనమే. తెర మీద ఆయన కత్తియుద్ధాలు చూసి, ప్రేమకొద్దీ ఆయన పేరు ముందు మనం తగిలించిన ‘కత్తి’ అనే రెండక్షరాలే ఆయనలోని నటుణ్ణి నరికేశాయని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కత్తి గొప్పతనం నాకు తెలియక కాదు. 1963లో విఠలాచార్య గారి ‘గురువును మించిన శిష్యుడు’ వచ్చిన కాలంలో మా నాయన తోటి పిల్లలు కందికట్టెలు విరిచి కత్తులు చేసుకొనేవారట. విలన్ రాజనాల కావడానికి ఎవడూ ఒప్పుకోకపోతే, అందరికంటే చిన్నవాడికి ఆ పాత్ర అంటగట్టి కొట్టేవారట!

కానీ అదే 1963లో వచ్చిన ‘లవకుశ’ను గుర్తు చేసుకోండి. వదినను అడవిలో దిగవిడిచి రావలసిన లక్ష్మణుడికి భుజాన విల్లున్నా ఏం లాభం? అక్కడ ఆయనకు మిగిలింది వణికే గొంతూ, ఎత్తలేని కళ్ళూ మాత్రమే. ఆ ఏడాదే ‘నర్తనశాల’లో కృష్ణుడు కూడా ఆయనే. ‘మాయాబజార్’ తరువాత కృష్ణుడంటే రామారావు గారేనని జనం దండం పెడుతున్న రోజులలో, ఆ రామారావు గారు బృహన్నలగా ఉన్న చిత్రంలోనే నెమలిపింఛం పెట్టుకొని మెప్పించడమంటే మాటలా?

ఇక నారదుడు. ఒక చేతిలో మహతి వీణ, ఇంకో చేతిలో చిడతలు. కత్తి పట్టడానికి చెయ్యేదీ? 1961లో ‘సీతారామ కల్యాణం’, 1966లో ‘శ్రీకృష్ణ తులాభారం’, ఇంకా ఎన్నిటిలోనో ఆయన బతికింది నాలుక మీద. అది నాటకాలలో పదునెక్కిన నాలుక. తెలంగాణ యాసను రౌడీకీ, హాస్యగాడికీ అప్పగించి నవ్వుకున్న తెలుగు తెర మీద, పౌరాణిక వచనాన్ని తప్పు పట్టలేనంత స్వచ్ఛంగా పలికినవాడు మన జిల్లా మనిషి. ఈ మాట చెప్పుకోవడం మానేసి మనం ఇప్పటికీ కత్తి, కత్తి అంటూ కూర్చున్నాం.

నిర్మాతగా ఆస్తి కరిగిపోవడం, చివరి రోజుల ఇబ్బందులు మీకు తెలిసినవే. ఆ జాలికథ నేను చెప్పను. 2000 సంవత్సరానికి రాష్ట్ర ప్రభుత్వం సినిమావాళ్ళకిచ్చే రఘుపతి వెంకయ్య పురస్కారం ఇచ్చారు కదా అని ఒకరు నన్ను నిలదీశారు. ఇచ్చారు, నిజమే, డెబ్బై ఏడేళ్ళ వయసులో!

నా మాట అతిశయోక్తి అనిపిస్తే ‘తులాభారం’ పెట్టి, బొమ్మ కనిపించకుండా చెయ్యి అడ్డం పెట్టుకొని వినండి. సత్యభామ మనసులో పుల్ల పెట్టేటప్పుడు అంత మెత్తగా ఉన్న ఆ గొంతు, కృష్ణుణ్ణి దానం పట్టాక సంతలో బేరగాడి గొంతు ఎలా అయిపోతుందో మీ చెవులకే తెలుస్తుంది.