డెక్ కడగడం సరే, ఆరుతోందా లేదా?

అందరికీ నమస్కారం.

కాంపోజిట్ డెక్‌ని, అంటే చెక్క పొట్టు, ప్లాస్టిక్ కలిపి చేసిన పలకలతో ఇంటి బయట వేసుకునే అరుగుని, ఎలా శుభ్రం చేసుకోవాలి, ఎక్కువ కాలం ఎలా నిలబెట్టుకోవాలి అన్న విషయం మీద మాట్లాడమన్నారు. ముందే ఒక మాట చెప్పేస్తాను. "దీనికి మెయింటెనెన్స్ అక్కర్లేదు" అని చెప్పి అమ్మితే నమ్మకండి. మామూలు చెక్క డెక్‌లాగా దీనికి ఏడాదికో రెండేళ్లకో రంగు, సీలర్ పుయ్యక్కర్లేదు. ఆ మాట నిజమే. కడగనక్కర్లేదు అనడం మాత్రం నిజం కాదు. ఆ మాట నమ్మి వదిలేసిన డెక్‌ల మీద నల్ల మచ్చలు పట్టాక, "సరుకు నాసిరకం" అని బాధపడేవాళ్లను చాలామందిని చూశాను. చాలాసార్లు సరుకులో ఏ లోపమూ ఉండదు. ఆ పలకలు ఎప్పుడూ పూర్తిగా ఆరలేదు, అంతే.

పలకలో ఏముందో తెలిస్తే ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. దాదాపు సగం, కొన్నిట్లో అంతకన్నా ఎక్కువ, చెక్క పొట్టు. మిగతాది ప్లాస్టిక్, ఎక్కువగా పాలిథిలిన్. దానికి తోడు రంగు, ఎండను తట్టుకోవడానికి కలిపే రసాయనాలు. చెక్క పొట్టును ప్లాస్టిక్ చుట్టుకుని ఉన్నా, పైన తేలి ఉన్న రేణువులు తేమను పీల్చుకుంటూనే ఉంటాయి. బూజుకు కావలసింది కాస్త తేమ, కాస్త తిండి. చెక్క పొట్టు రూపంలో తిండి పలకలోనే ఉంది. 1990లలో బాగా వ్యాప్తిలోకి వచ్చిన మొదటి తరం పలకలు ఇలాంటివే. ఆ తర్వాత, 2010కి అటూ ఇటూగా, పైన పల్చటి ప్లాస్టిక్ తొడుగు ఉన్న పలకలు వాడకంలోకి వచ్చాయి. వీటినే క్యాప్డ్ బోర్డులంటున్నాం.

మీ ఇంట్లో ఉన్నది ఏ రకమో తెలుసుకోవాలంటే పలకను అడ్డంగా కోసిన చివర చూడండి. అంచు చుట్టూ వేరే ఛాయలో సన్నటి పొర కనిపిస్తే అది తొడుగున్న పలక. కొన్నిటికి పైనా, రెండు పక్కలా మాత్రమే తొడుగు ఉంటుంది, అడుగు భాగం బోడిగానే ఉంటుంది. ఇది గుర్తుపెట్టుకోండి, కింద గాలి ఆడటం గురించి చెప్పేటప్పుడు మళ్లీ పనికొస్తుంది. తొడుగు ఉంది కదా, ఇక బూజు రాదనుకోకండి. పలకలోకి దిగలేకపోయినా, పైన పేరుకున్న దుమ్మూ పుప్పొడీ తిని అది బతికేస్తుంది. కాకపోతే తుడిస్తే తేలిగ్గా పోతుంది.

నన్నడిగితే డెక్‌లో అన్నిటికన్నా ముందు చూడాల్సింది పలకల మధ్య సందులు. బిగించేటప్పుడు పలకకీ పలకకీ మధ్య సుమారు 5 మిల్లీమీటర్ల ఖాళీ వదులుతారు. నీళ్లు కిందికి జారిపోవడానికీ, గాలి ఆడటానికీ అది దారి. ఒకసారి మోకాళ్ల మీద కూర్చుని ఆ సందులోకి చూడండి. ముఖ్యంగా గోడ వారన, చెట్టు కింద, పెద్ద కుండీల వెనకాల చూడండి. ఎండుటాకులు, పుప్పొడి, మట్టి, వెంట్రుకలు అన్నీ కలిసి నల్లటి ముద్దలా గట్టిపడి ఉంటాయి. పుట్టీ బ్లేడు లాంటి పల్చటి, వీలైతే ప్లాస్టిక్ బ్లేడు పెట్టి లాగితే ఆ ముద్ద తాడులా వస్తుంది. పైన పలక ఎండకు కరకరలాడుతున్నా, ఆ ముద్ద చేతికి తడిగానే తగులుతుంది. బూజు మొదలయ్యేది ఇక్కడే. సందు పక్కనున్న అంచుల్లోంచి పలక మీదికి పాకుతుంది. కింద ఉన్న చెక్క దూలం పైభాగం కూడా ఇదే తడికి నానుతూ ఉంటుంది. ఆకులు రాలే కాలం అయిపోగానే ఒకసారి, వానాకాలానికి ముందొకసారి సందులన్నీ ఖాళీ చేస్తే, నా లెక్కలో సగం మెయింటెనెన్స్ అయిపోయినట్టే.

ఇక కడగడం. ముందు పొడిగా ఊడ్చాలి. ఊడవకుండా నీళ్లు పోస్తే దుమ్మంతా బురదై సందుల్లోకే చేరుతుంది. తర్వాత గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం కలిపి, మెత్తటి కుచ్చులున్న బ్రష్‌తో పలక పొడవునా రుద్దండి. అడ్డంగా రుద్దితే చెక్క చారల్లాంటి గాళ్లలో మురికి ఉండిపోతుంది. ఒకేసారి డెక్ మొత్తానికి సబ్బు పట్టించకండి. రెండు మూడు పలకలు రుద్దడం, వెంటనే కడగడం, అప్పుడు పక్కకు జరగడం. సబ్బు నీళ్లు ఎండిపోతే తెల్లటి పొర మిగులుతుంది. ఆ పొరకు మళ్లీ దుమ్ము అంటుకుంటుంది. "ఎంత కడిగినా మసకగానే ఉందండీ" అనే వాళ్ల డెక్‌ల మీద చాలావరకు ఉండేది పాత మురికి కాదు, సరిగ్గా పోని సబ్బే. మీ ఇంటికి వచ్చేవి ఉప్పు నీళ్లయితే కడిగాక పాత తువ్వాలుతో తుడిచేస్తే ఇంకా మంచిది. ఏడాదికి రెండుసార్లు ఇలా చేస్తే చాలు. నీడపట్టున ఉన్న డెక్‌కైతే ఇంకోసారి అవసరం పడవచ్చు.

ప్రెషర్ వాషర్ గురించి అందరూ అడుగుతారు. కంపెనీ ఇచ్చిన కాగితంలో వాడొచ్చని రాసి ఉంటేనే, అందులో చెప్పిన ఒత్తిడి దాటకుండా వాడండి. నీళ్లు వెడల్పుగా పడే నాజిల్ పెట్టుకోండి, కనీసం జానెడు దూరం ఉంచండి, ఒకే చోట ఆపకండి. తొడుగు లేని పాత పలక మీద దగ్గర నుంచి కొడితే పైనున్న ప్లాస్టిక్ లేచిపోయి లోపలి చెక్క పొట్టు బయటపడుతుంది. ఆ రోజుకు కొత్తదానిలా మెరుస్తుంది, ఆ తర్వాత తేమ మునుపటికన్నా ఎక్కువ పీలుస్తుంది. నేనైతే బ్రష్‌నే నమ్ముతాను.

మరకల్లో జిడ్డుకి ఆగే టైమ్ లేదు. నూనె ఒలికితే వెంటనే అద్ది తీసి, వేడినీళ్లు, గిన్నెల లిక్విడ్‌తో కడిగేయాలి. తొడుగు లేని పలకలోకి నూనె ఇంకితే తియ్యడం చాలా కష్టం. బయట వంట చేసుకునే పొయ్యి ఉంటే దాని కింద నిప్పుకు తట్టుకునే చాప వేసుకోండి. ఆకుల కిందా, కొత్త పలకల మీదా టీ డికాక్షన్ ఒలికినట్టు కనిపించే గోధుమరంగు మరకలు టానిన్ వల్ల, అంటే ఆకుల్లో, చెక్కలో సహజంగా ఉండే ఒక పదార్థం వల్ల వచ్చేవి. వాన పడేకొద్దీ చాలావరకు వాటంతటవే పలచబడతాయి. పోకపోతే ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న డెక్ బ్రైటెనర్ వాడాలి. కుర్చీ కాళ్ల తుప్పు మరకకూ అదే మందు. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

నల్ల చుక్కలు బూజో మురికో తెలియక టెన్షన్ పడేవాళ్లకు ఒక చిన్న పరీక్ష. కనపడని మూల ఒక చుక్క మీద బట్టలకు వాడే బ్లీచ్ ఒక బొట్టు వెయ్యండి. ఒకట్రెండు నిమిషాల్లో నలుపు తేలిపోతే బూజు. అలాగే ఉంటే మురికి. చూసిన వెంటనే నీళ్లు పోసి కడిగేయండి. బ్లీచ్ వాడకం ఆ పరీక్షతోనే ఆపెయ్యడం మంచిది, డెక్ అంతటా పోస్తే పలక రంగే వెలిసిపోవచ్చు. బూజుకు సోడియం పెర్‌కార్బనేట్ ఉన్న ఆక్సిజన్ బ్లీచ్ పొడి నీళ్లలో కలిపి, డబ్బా మీద రాసినంత సేపు ఉంచి రుద్దితే సరిపోతుంది. ఒక హెచ్చరిక. మామూలు బ్లీచ్‌ని అమ్మోనియాతోగానీ, ఇందాక చెప్పిన యాసిడ్‌తోగానీ ఎప్పుడూ కలపకండి. ప్రాణాల మీదికి తెచ్చే విషవాయువులు పుడతాయి. రెండూ వాడాల్సి వస్తే ఒకటి పూర్తిగా కడిగి, ఆరాక, ఇంకో రోజు రెండోది వాడండి.

రబ్బరు అడుగున్న మ్యాట్లు వెయ్యొద్దు. కింద తేమ నిలవడమే కాదు, రబ్బరులోని రసాయనాలు పలక మీద మచ్చగా దిగుతాయి, అది కడిగితే పోయేది కాదు. కుండీలు కూడా నేరుగా పలక మీద కాకుండా కాళ్లున్న స్టాండ్ మీద పెడితే కింద ఆరుతుంది. గీత పడిందని ఇసుక కాగితం పట్టకండి. తొడుగు పోతే మళ్లీ వెయ్యలేం, వారంటీ కూడా పోతుంది. మంచు కురిసే చోట ప్లాస్టిక్ పారతోనే తియ్యాలి. మంచు కరగడానికి ఉప్పు చల్లితే తర్వాత నీళ్లతో కడిగేయాలి.

పలక ఒకే చోట వంగిందంటే ఎదురుగా ఉన్న కిటికీని చూడండి. వేడిని ఆపే లో-ఈ గాజు మీద పడ్డ ఎండ తిరిగి ఒక చోట కుదురుకుంటే, ప్లాస్టిక్ మెత్తబడేంత వేడి పుడుతుంది. దానికి డెక్‌ని కడిగి లాభం లేదు. కిటికీకి బయటివైపు తెర కట్టాలి.

చివరగా, డెక్ కిందికి ఒకసారి టార్చి వేసి చూడమని కోరుతున్నాను. పై పలకలకు పాతికేళ్ల వారంటీ ఉన్నా, వాటిని మోసేది ఎక్కువగా చెక్క దూలాలే. నేల మరీ దగ్గరగా ఉండి నాలుగు వైపులా మూసేస్తే, పలక అడుగున చేరిన తేమ బయటికి పోయే దారి ఉండదు. స్క్రూడ్రైవర్ మొనతో దూలాన్ని అక్కడక్కడా గుచ్చండి. గట్టిగా ఎదురొస్తే పర్వాలేదు. మెత్తగా దిగిపోతే కుళ్లు మొదలైనట్టే. ముఖ్యంగా ఇంటి గోడకు బిగించిన దూలం దగ్గర, మెట్ల మొదట్లో, రెయిలింగ్ స్తంభాల అడుగున చూడాలి. రెయిలింగ్ ఊగుతుంటే బాగుచేయించే దాకా దానికి ఎవర్నీ ఆనుకోనివ్వకండి, పిల్లల్ని అసలు ఆ దగ్గరికి పోనివ్వకండి.

మీలో ఎవరైనా తమ డెక్ ఫోటోలు తెచ్చి ఉంటే ఇలా ముందుకు రండి, కలిసి చూద్దాం.