రాయనివాళ్ళ నోట మిగిలిన అక్షరాలు

అందరికీ నమస్కారం. లద్దాఖ్ అనగానే మనవాళ్ళకి పాంగాంగ్ సరస్సు, ఖర్దుంగ్ లా, బుల్లెట్ బళ్ళు గుర్తొస్తాయి. ఈ మధ్య చాలామంది పాకిస్తాన్ సరిహద్దు ఊరు తుర్తుక్ దాకా వెళ్ళొచ్చి ఫోటోలు పెడుతున్నారు. అక్కడివాళ్ళు ఏ భాష మాట్లాడతారండీ అని అడిగితే మాత్రం "ఏదో టిబెటన్ యాస" అనో, "కశ్మీరీ లాంటిది" అనో అంటారు. ఆ "ఏదో" గురించే ఇవాళ మాట్లాడతాను. ఆ కొండల్లోని చిన్న భాషల్ని పెద్ద భాషలకి యాసలుగా లెక్కగట్టడం అన్యాయం అని నా అభిప్రాయం, ఎందుకంటే పెద్ద భాష ఎప్పుడో పోగొట్టుకున్నది చాలాసార్లు వాటి దగ్గరే భద్రంగా ఉంది.

అంకెలతో మొదలుపెడదాం. టిబెటన్ లిపిలో ఎనిమిది రాయాలంటే బ, ర, గ, య, ద ఇన్ని అక్షరాలు పేర్చాలి, బ్ర్గ్యద్ అని. టిబెట్ రాజధాని లాసాలో దాన్ని ఇంచుమించు "గ్యే" అని చదువుతారు. మూడుకి గ్సుమ్ అని రాస్తారు, "సుమ్" అంటారు. ఏడుకి బ్దున్ అని రాస్తారు, ముందున్న బకారం వినపడదు. ఈ లిపి ఏడో శతాబ్దంలో తయారైంది, అప్పట్లో రాసినవి దాదాపు అన్నీ పలికేవాళ్ళు. తర్వాతి కాలంలో లాసా వైపు మొదట్లో ఉండే హల్లులు ఒక్కొక్కటిగా రాలిపోయాయి, వాటికి బదులు గొంతు ఎత్తి పలకడం, దించి పలకడం అనే తేడా వచ్చింది. ఇప్పుడు పాకిస్తాన్ అధీనంలో ఉన్న బల్తిస్తాన్‌కి, స్కర్దూ, ఖప్లూ వైపు వెళ్ళండి. అక్కడి బల్తీలో లెక్క ఇలా ఉంటుంది: మూడు ఖ్సుమ్, ఏడు బ్దున్, ఎనిమిది బ్గ్యత్. ఒక్క రకారం పోయింది గానీ, పదమూడు వందల ఏళ్ళ కిందటి పలుకు ఇంకా నోట్లో ఉంది.

ఇందులో నన్ను బాగా కదిలించే సంగతి ఇంకోటి ఉంది. బల్తీలు ముస్లింలు. టిబెటన్ లిపిని వాళ్ళు కొన్ని శతాబ్దాల కిందటే వదిలేశారు, ఇప్పుడు రాస్తే ఉర్దూ లిపిలో రాస్తారు. అంటే రాసేవాళ్ళు పలకడం లేదు, పలికేవాళ్ళు రాయడం లేదు! ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో టిబెట్ సామ్రాజ్యం పడమటికి విస్తరించినప్పుడు దానితోపాటు ఆ భాషా అక్కడికి చేరింది. తర్వాత రాజధాని వైపు మాట మారుతూ పోయింది, చివరి కొసన ఉన్నవాళ్ళు ఉన్నది ఉన్నట్టు పట్టుకున్నారు. కార్గిల్ చుట్టుపక్కల మాట్లాడే పూరిక్‌దీ ఇదే కథ. గేసర్ రాజు వీరగాథని లాసాలోని బౌద్ధులు చెప్పుకుంటారు, బల్తీ ముస్లింలూ చెప్పుకుంటారు. ఉత్తర పాకిస్తాన్ కొండల్లోని హుంజాలో బురుషస్కీ మాట్లాడేవాళ్ళూ చెప్పుకుంటారు, వాళ్ళ భాషకైతే ప్రపంచంలో ఏ భాషతోనూ చుట్టరికం తేలలేదు.

1970ల చివర్లో స్కర్దూలో యూసుఫ్ హుస్సేన్ ఆబాదీ అనే ఆయన బల్తీని మళ్ళీ టిబెటన్ లిపిలో రాద్దామని పూనుకున్నారు. బల్తీలో ఉన్న రెండు ధ్వనులకి ఆ లిపిలో అక్షరాలు లేవు. కంప్యూటర్లకి ప్రమాణమైన యూనికోడ్‌లో 2008లో ఆ రెండు అక్షరాలూ చేరాయి. ఒక చిన్న భాష కోసం అంత పాత లిపికి రెండు కొత్త అక్షరాలు చేరడం మామూలు విషయం కాదు.

ఇక దర్దిక్ భాషలు, అంటే కశ్మీర్, ఉత్తర పాకిస్తాన్ కొండల్లో మాట్లాడే ఒక గుంపు భాషలు. షీనా, ఖోవార్, కలాషా, తోర్వాలీ, బ్రోక్స్కత్, వీటన్నిటిలోకీ పెద్దది కశ్మీరీ. భారతీయ భాషల సర్వే చేసిన గ్రియర్సన్ వీటికి పైశాచ భాషలని పేరుపెట్టి, ఇవి ఇటు సంస్కృతం వైపూ కాదు అటు ఇరాన్ వైపూ కాదు, మూడో శాఖ అన్నాడు. గుణాఢ్యుడు బృహత్కథని పైశాచిలో రాశాడని, ఆయన శాతవాహన రాజు కొలువులో ఉండేవాడని మనం చిన్నప్పటి నుంచీ విన్నాం కదా, ఆ పైశాచిని గ్రియర్సన్ తీసుకెళ్ళి ఈ కొండలకి అంటగట్టాడన్నమాట. అది నిలబడలేదు. తర్వాత నార్వే పండితుడు మోర్గెన్‌స్టియర్న ఖోవార్, కలాషా మాట్లాడే చిత్రాల్ లోయలు తిరిగి, ఇవి సంస్కృతం వైపు కుటుంబానివే, పక్కన అఫ్గానిస్తాన్ వైపున్న నూరిస్తానీ భాషలే వేరే శాఖ అని తేల్చాడు. (ఆ సర్వేలో మద్రాసు ప్రెసిడెన్సీ, హైదరాబాద్ రాజ్యం లేవు. అంటే మన ఊళ్ళని వదిలేసిన సర్వే ఆ మంచు లోయల భాషల్ని నమోదు చేసింది.)

వీటిలో ఏం దాగి ఉందో చూడాలంటే మన కర్నూలు జిల్లా ఎర్రగుడి నుంచే బయల్దేరవచ్చు. అక్కడి బండల మీద అశోకుడి శాసనాల్లో రాజు పేరు "పియదసి". అవే శాసనాలు ఇప్పటి పాకిస్తాన్‌లో మర్దాన్ దగ్గర షాబాజ్‌గఢీలో ఖరోష్ఠీ లిపిలో ఉన్నాయి, అక్కడ అదే పేరు "ప్రియద్రశి". ధర్మం అక్కడ "ధ్రమ". రాజు ఒకడే, చెప్పిన మాటా ఒకటే, కానీ వాయవ్యంలో జనం రకారాన్ని వదల్లేదు, దాని చోటు మార్చి అయినా ఉంచుకున్నారు. ఇప్పటి లెక్క చూడండి. హిందీలో తీన్, ఖోవార్‌లో త్రోయ్, కలాషాలో త్రే, కశ్మీరీలోనూ త్రె. హిందీలో ఆఠ్, ఖోవార్‌లో ఓష్ట్, కలాషాలో అష్ట్. అష్టదిక్కులు, అష్టకష్టాలు అనే మనకి ఆ మాట వింటే ప్రాణం లేచొస్తుంది. అశోకుడి కాలపు భాషకి ఇవి నేరుగా పిల్లలని అనడం లేదు, ఆ ప్రాంతపు నాలుక అలవాటు మాత్రం ఇరవై మూడు వందల ఏళ్ళుగా గట్టిగా ఉంది.

బ్రోక్స్కత్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. లద్దాఖ్‌లో సింధు నది దిగువన దా, గార్కోన్, దార్చిక్ అనే ఊళ్ళున్నాయి. ఇప్పుడు పాకిస్తాన్ అధీనంలో ఉన్న గిల్గిత్ నుంచి వలస వచ్చామని వాళ్ళు తమ బోనోనా పండుగ పాటల్లో పాడుకుంటారు. భాష షీనాకి దగ్గరిది, అయినా ఇప్పుడు గిల్గిత్ షీనా వాళ్ళకి ఇది అర్థం కాదు, చుట్టూ లద్దాఖీ, పూరిక్ మధ్య శతాబ్దాలు గడిచిపోయాయి మరి. మాట్లాడేవాళ్ళు కొన్ని వేలమంది. పక్కనే హనూ ఊరివాళ్ళు ఈ భాషని వదిలేసి లద్దాఖీకి మారిపోయారు. మైసూరులోని భారతీయ భాషల కేంద్రీయ సంస్థ 1982లో దీని వ్యాకరణం ప్రచురించింది, రాసింది ఎన్. రామస్వామి. 1999 మే నెలలో బటాలిక్ కొండల మీద చొరబాటుదారుల్ని చూసి సైన్యానికి చెప్పిన గొర్రెల కాపరి తాషీ నమ్‌గ్యాల్‌ది గార్కోనే. కార్గిల్ యుద్ధం గురించి మనం ఎన్నిసార్లు మాట్లాడుకున్నా ఆ ఊరి భాష పేరు మాత్రం మన నోట రాలేదు.

పైగా ఈ ఊళ్ళకి "ఆర్యుల గ్రామాలు" అని బోర్డు తగిలించి టూరిజం నడుస్తోంది. జనం వెళ్ళి, తలమీద పూలు పెట్టుకున్న ఆడవాళ్ళ పక్కన నిలబడి ఫోటో దిగి, ముక్కు తీరు గురించి, కళ్ళ రంగు గురించి మాట్లాడుకుంటూ వచ్చేస్తారు. నాకు చాలా కోపం వస్తుంది. మనిషి ముఖాన్ని కొలిచే బదులు వాళ్ళ మాట రెండు నిమిషాలు వినొచ్చు కదా?

సరిహద్దులు చేసిన దెబ్బ వేరే. 1948 నుంచి కార్గిల్-స్కర్దూ రోడ్డు మూసే ఉంది, అటూ ఇటూ ఒకే భాషవాళ్ళు. తుర్తుక్, త్యాక్షీ, చలుంకా, థాంగ్ ఊళ్ళు 1971 యుద్ధంలో ఇటు వచ్చాయి, బంధువులు అటు ఉండిపోయారు. మన వైపు గురేజ్, ద్రాస్‌లలో షీనా మాట్లాడేవాళ్ళకి గిల్గిత్ అందని ఊరైపోయింది. బడి, రేడియో, పుస్తకం అన్నీ ఒక వైపువి ఇంకో వైపుకి చేరకపోతే చిన్న భాష మరీ చిన్నదైపోతుంది. హుంజాలో దోమాకీ అని ఇంకో భాష ఉంది, దర్దిక్ కాదు గానీ ఆ కొండలదే, వాయిద్యకారులు, కమ్మరులు అయిన దోమ్ జనానిది. వాళ్ళని తక్కువ కులంగా చూసే ఊళ్ళో ఆ మాట నోట వస్తే ఎవరో తెలిసిపోతుందని పిల్లలకి నేర్పడం మానేశారు. ఇప్పుడు మాట్లాడేవాళ్ళు కొన్ని వందలమంది. కులం పేరెత్తడానికి జంకడం అంటే ఏమిటో మన ఊళ్ళవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు.

మన జనాభా లెక్కల పద్ధతీ ఒకటుంది. 2011లో జనం తమ మాతృభాషగా చెప్పిన పేర్లు 19,569. వాటిని వడపోసి, కలిపి, చివరికి పట్టికలో చూపించినవి 121 భాషలు. పదివేలమంది కంటే తక్కువ మాట్లాడే భాషకి అందులో విడిగా పేరుండదు, "ఇతరాలు"లో కలిసిపోతుంది. బ్రోక్స్కత్ లాంటివాటికి ఈ గీత చాలా ఎత్తైనది. లెక్కలో పేరు లేని భాషకి వాచకం ఎవరు వేస్తారు, పంతుల్ని ఎవరు ఇస్తారు?

చేస్తే అవుతుందని చూపించినవాళ్ళూ ఉన్నారు. పాకిస్తాన్‌లోని స్వాత్ లోయలో బహ్రైన్ అనే ఊళ్ళో జుబేర్ తోర్వాలీ, ఆయన మిత్రులు తోర్వాలీకి ఉర్దూ లిపిలో లేని అక్షరాలు చేర్చుకుని 2008లో పిల్లలకి సొంత భాషలో చదువు మొదలుపెట్టారు. ఆ రోజుల్లో స్వాత్‌లో తాలిబన్లు బడులు పేలుస్తున్నారు, అది గుర్తుపెట్టుకుంటే వాళ్ళ ధైర్యం ఎంతటిదో తెలుస్తుంది.

మన వైపు 2025 జూన్‌లో లద్దాఖ్ అధికార భాషల నిబంధన వచ్చింది. ఇంగ్లిష్, హిందీ, ఉర్దూలతోపాటు టిబెటన్ లిపిలో రాసే భోటీ, పుర్గీ అధికార భాషలయ్యాయి. పుర్గీ అంటే ఇందాక చెప్పిన పూరికే. షీనా, బ్రోక్స్కత్, బల్తీ, లద్దాఖీల అభివృద్ధికి ఏర్పాట్లు చేస్తామని అందులోనే రాశారు. ప్రభుత్వ కాగితం మీద బ్రోక్స్కత్ పేరు కనపడినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. కాకపోతే ఆ ఏర్పాట్లంటే నా లెక్కలో గార్కోన్ బడిలో ఆ భాష వచ్చిన పంతులుకి నెల జీతం, ఒకటో తరగతికి వాచకం, ఊళ్ళో పెద్దవాళ్ళ పాటలు రికార్డు చేసే డబ్బు. లద్దాఖ్ బడ్జెట్‌లో ఈ పద్దులు వచ్చాయా లేదా అని నేను ప్రతి ఏడూ వెతుకుతాను, మీలో ఆసక్తి ఉన్నవాళ్ళు నాతోపాటు చూడండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.