మెయిల్ గ్రూపు నుంచి చర్చా గ్రూపుకి: మధ్యలో ఒక లాకు కడదాం

నమస్కారమండీ. ఇవాళ బొబ్బర్లంక లాకుల దగ్గర నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల హోరు వినిపిస్తే అది నీళ్లది, నా మైకు తప్పేం లేదు. కోనసీమకి నీళ్లిచ్చే మధ్య డెల్టా కాలువ ఇక్కడే మొదలవుతుంది. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ కాలువల్లో నీళ్లే కాదు, పడవలూ నడిచాయి. ఎగువ నీటి మట్టం నుంచి దిగువకి పడవ దిగాలంటే లాకులోకి రావాలి. వెనక తలుపు మూస్తారు, లోపలి నీళ్లు తగ్గిస్తారు, ఆ తర్వాతే ముందు తలుపు తీస్తారు. రెండు తలుపులూ ఒకేసారి తెరిస్తే ఇక పడవ సంగతి దేవుడెరుగు. ఈ ముక్క గుర్తుంచుకోండి, కాసేపట్లో నా బాగోతం చెప్పేటప్పుడు పనికొస్తుంది.

విషయం ఏంటంటే, మా ఊళ్లో చదువుకుని హైదరాబాద్, అమెరికా వెళ్లిన పెద్దవాళ్లకి ఒక మెయిల్ గ్రూపు ఉంది. ఊళ్లో ఉన్న కుర్రాళ్లకి వేరే చర్చా గ్రూపు ఉంది. సంక్రాంతికి జరిగే జగ్గన్నతోట తీర్థానికి ఎవరెవరు వస్తున్నారని పెద్దవాళ్లు అక్కడ అడుగుతారు, కుర్రాళ్లు ఇక్కడ అడుగుతారు. వీళ్ల మాట వాళ్లకి తెలియదు. అటు రాసింది ఇటు, ఇటు రాసింది అటు చేరవేసే ప్రోగ్రాం ఒకటి మధ్యలో పెడితే సరిపోతుంది. దాన్నే గేట్‌వే అంటారు.

ఇది ఇవాళ్టి ఆలోచనేం కాదండీ. డ్యూక్ యూనివర్సిటీలో టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనే విద్యార్థులు 1979లో యూజ్‌నెట్‌కి, అంటే కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి చర్చల్ని చేరవేసే ఏర్పాటుకి, రూపం ఆలోచించారు. 1980లో అది నడక మొదలుపెట్టింది. అందులోని చర్చా గ్రూపుల్ని న్యూస్‌గ్రూపులు అనేవారు. మన తెలుగువాళ్లకీ ఒకటుండేది, సాక్ డాట్ కల్చర్ డాట్ ఇండియన్ డాట్ తెలుగు అని. తెలుగు అక్షరాలు తెర మీద కనిపించని రోజులు కదా, రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసుకునేవాళ్లు. పద్యాలు కూడా!

మెయిలుకీ న్యూస్‌గ్రూపుకీ మధ్య రాకపోకలు అప్పుడే కుదిరాయి. 1983లో యూజ్‌నెట్ సందేశం ఎలా ఉండాలో రాసుకున్నప్పుడు, అంతకు ముందు ఏడాది మెయిల్ కోసం ఖాయం చేసిన పద్ధతికే సరిపోయేలా పెట్టుకున్నారు. పైన ఎవరు రాశారు, ఎప్పుడు, ఏ విషయం అన్న వివరాలు, ఒక ఖాళీ లైను, కింద అసలు మాట. రెండు కాలువల్లోనూ ఒకే రకం పడవ తిరిగినట్టు.

తేడా మాత్రం ప్రయాణంలో ఉంది. మెయిల్ లిస్టుకి రాస్తే, సభ్యుల్లో ఒక్కొక్కరి పెట్టెకీ ఒక్కో కాపీ వెళ్తుంది. న్యూస్‌గ్రూపులో అలా కాదు. సందేశం ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి పాకుతూ పోతుంది. రెండు దారుల్లో వచ్చి ఒకే చోట తేలొచ్చు కూడా. అప్పుడు ఆ సర్వర్ మెసేజ్ ఐడీ, అంటే ఒక్కో సందేశానికీ ఉండే విడి గుర్తు, చూస్తుంది. 'ఇది నా దగ్గర ఉంది, వద్దు' అంటుంది. ఈ పూట మన కథంతా ఆ ఐడీ చుట్టూనే.

ఇప్పుడు తెర చూడండి. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచాను. ఒక మెయిల్ మీదకెళ్లి, కుడివైపు మూడు చుక్కలు నొక్కి, 'షో ఒరిజినల్' అనండి. కంగారు పడకండి, ఇదంతా చదవక్కర్లేదు. మెసేజ్ ఐడీ అన్న లైను పట్టుకోండి. మధ్యలో @ గుర్తుతో పొడుగ్గా ఉంటుంది. అది పడవ మీద రాసిన నంబరు. ఇది జవాబు మెయిల్ కాబట్టి ఇంకో రెండు లైన్లున్నాయి: ఇన్-రిప్లై-టు, రిఫరెన్సెస్. ఏ సందేశానికి జవాబిదో ఇవి చెబుతాయి. గేట్‌వే వీటిని తీసేసిందంటే, అవతలి గ్రూపులో ప్రశ్న ఒక మూల, జవాబు ఇంకో మూల పడతాయి.

ఇక నా బాగోతం. మొదటిసారి రాసిన స్క్రిప్టులో, అంటే ఆ గేట్‌వే ప్రోగ్రాంలో, దాటించే ప్రతి సందేశానికీ కొత్త ఐడీ పుట్టించాను. శుభ్రంగా ఉంటుందనుకున్నాను, నా తెలివి అంత. సంక్రాంతికి ఊరొస్తూ ఒక బాబాయిగారు 'నేను సెలవులో ఉన్నాను' అని ఆటోమేటిక్ జవాబు పెట్టుకున్నారు. ఆ జవాబు లిస్టుకొచ్చింది. నా స్క్రిప్టు దాన్ని చర్చా గ్రూపుకి మోసింది. అక్కడ కొత్తగా కనిపించింది కదా అని మళ్లీ లిస్టుకి మోసింది. లిస్టు బాబాయిగారికి పంపింది. ఆయన పెట్టె మళ్లీ, 'నేను సెలవులో ఉన్నాను'. భోగి మంట ఆరకముందే నా ఫోను వేడెక్కిపోయింది. రెండు తలుపులూ తెరిచి కూర్చున్నానన్నమాట.

కాబట్టి స్క్రిప్టులో ఇక్కడ చూడండి. వచ్చిన ఐడీని అలాగే ఉంచి పంపుతున్నాను. దాటించిన ప్రతి ఐడీనీ ఈ ఫైల్లో రాసుకుంటున్నాను, మళ్లీ కనిపిస్తే స్క్రిప్టు దాన్ని దాటించదు. కొన్ని సైట్లు తమ సొంత ఐడీ వేస్తాయి. అలాంటప్పుడు ఏ ఐడీ ఏదైందో జంటగా రాసుకోండి. మన గేట్‌వే గుర్తుగా ఒక లైను కూడా చేర్చండి, ఆ గుర్తుతో తిరిగొచ్చింది మనదే. ఆటోమేటిక్ జవాబులకి 'ఆటో-సబ్మిటెడ్' అనే హెడర్, అంటే సందేశం పైన ఉండే వివరాల లైను, ఉంది, 2004లో ప్రమాణమైంది. అందులో 'నో' కాకుండా ఇంకేదైనా కనిపిస్తే దాటించొద్దు. అందరూ ఆ హెడర్ పెట్టరు లెండి, అందుకే మిగతా రెండూ కావాలి.

పంపినవారి పేరు దగ్గర ఇంకో చిక్కుంది. 2014 ఏప్రిల్‌లో యాహూ, తన సర్వర్ల నుంచి రాకుండా యాహూ చిరునామా పెట్టుకొచ్చిన మెయిల్‌ని తిప్పికొట్టమని ప్రకటించింది. మోసాలు ఆపడానికే, కానీ మధ్యలో నిలబడి మోసే లిస్టులన్నిటికీ దెబ్బ తగిలింది. అప్పటినుంచి చాలా లిస్టులు ఫ్రమ్ లైనులో తమ చిరునామా పెట్టి, పక్కన 'ఫలానా వారి తరఫున' అని రాస్తున్నాయి. మనమూ అదే చేద్దాం. అయితే జవాబు ఎక్కడికెళ్తుందో సభ్యులకి ముందే చెప్పండి. ఒక్కరికే అనుకుని పెళ్లి సంబంధం సంగతి రాస్తే ఊరందరికీ చేరుతుంది.

తెలుగు అక్షరాల కోసం, దాటే ప్రతిచోటా యూటీఎఫ్-8 అని, అంటే అక్షరాల్ని కంప్యూటర్ రాసుకునే పద్ధతి పేరు, హెడర్‌లో చెప్పండి. లేకపోతే ప్రశ్నార్థకాల వరస వస్తుంది.

స్విచ్ వేసే ముందు రెండు గ్రూపుల్లోనూ అడగండి. నలభై మంది కోసం రాసుకున్న మాట బయటి గ్రూపులో పడితే ఏళ్ల తరబడి ఉంటుంది. 1995 నుంచి పోగుచేసిన యూజ్‌నెట్ మాటల్ని గూగుల్ 2001లో కొనుక్కుంది, రాసినవాళ్లెవరూ అది ఊహించి ఉండరు. పాత ఉత్తరాలు మాత్రం దాటించొద్దని మా పెద్దవాళ్లు అన్నారు. సరేనన్నాను.

ఇప్పుడు పరీక్ష. మెయిల్ నుంచి 'తీర్థానికి ఎవరు వస్తున్నారు?' అని పంపాను. ఇదిగో చర్చా గ్రూపులో పడింది. మా తమ్ముడు అక్కడే 'నేనొస్తాను' అన్నాడు. నా మెయిల్లో చూడండి, ప్రశ్న కిందే కూర్చుంది. కాపీలు? ఒక్కటే. పది నిమిషాలు ఆగి టీ తాగి వచ్చాను. ఇంకా ఒక్కటే.